ఫోన్ ఇచ్చారు, పక్కన కూర్చుని నేర్పే మనిషిని కూడా ఇవ్వండి: ఒక అంగన్‌వాడీ టీచర్ బహిరంగ లేఖ

అంగన్‌వాడీలకు ఫోన్లు, తూకం మిషన్లు కొనే అధికారులకూ, మాకు శిక్షణలు ఏర్పాటు చేసే అధికారులకూ,

నమస్కారం.

మా సెంటర్‌లో పిల్లల తూకం మిషన్ పక్కన ఒక కిలో ఉప్పు ప్యాకెట్ ఎప్పుడూ ఉంటుంది. అది వంటకి కాదు. నెల మొదట్లో బరువులు తీసేముందు ఆ ప్యాకెట్‌ని మిషన్ మీద పెట్టి చూస్తాను. కిలో చూపిస్తేనే పిల్లల్ని ఎక్కిస్తాను. పోయినేడాది ఒక నెల అది కిలో 300 గ్రాములు చూపించింది. సెల్స్ మార్చాను. నేల ఎగుడుదిగుడుగా ఉందేమోనని గదిలో ఇంకో మూలకి జరిపాను. అయినా అంతే చూపించింది. చివరికి పక్క ఊరి టీచర్ని బతిమాలి వాళ్ల మిషన్ తెచ్చుకుని ఆ నెల గట్టెక్కాను.

300 గ్రాములకి ఇంత గొడవా అనుకోకండి. ఏడాది నిండిన ఆడపిల్ల 7 కిలోల లోపు ఉంటే బరువు తక్కువ ఉన్నట్టు. 6 కిలోల 300 గ్రాముల కంటే కూడా తగ్గితే తీవ్రమైన లోపం. 6 కిలోల 200 గ్రాములున్న పాపని ఆ మిషన్ ఎక్కిస్తే 6 కిలోల 500 గ్రాములు చూపిస్తుంది. నేను అదే ఫోన్‌లో కొడతాను. పాప ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారిపోతుంది. ఊరి నర్సు ఏఎన్‌ఎం గారికి నేను ఆ పాప పేరు ప్రత్యేకంగా చెప్పను. తల్లికి 'పర్లేదమ్మా, పూటపూటకీ కొంచెం ఎక్కువ పెట్టు' అని చెప్పి పంపేస్తాను. యాప్ తప్పు చెయ్యలేదు, నేనూ కావాలని చెయ్యలేదు. అన్యాయమైపోయేది ఆ పాప.

ఉప్పు ప్యాకెట్ పెట్టి చూసుకోమని నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. మా ఊరి కిరాణా కొట్టాయన పొద్దున్నే కొట్టు తెరవగానే కాటా మీద రాయి పెట్టి చూసుకోవడం గమనించి, నాకు నేనుగా నేర్చుకున్నాను. ఈ లేఖ రాయాలని అనిపించింది అందుకే.

నేను 19 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఊరి పేరు, నా పేరు రాయడం లేదు. ఇది ఫలానా ఆఫీసు మీదో, ఫలానా మనిషి మీదో ఫిర్యాదు కాదు. మా సూపర్‌వైజర్ మేడమ్ కూడా రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో పెండింగ్ లిస్టులు ముందేసుకుని కూర్చుంటారు. ఆవిడకి పైనుంచి టెన్షన్, మాకు ఆవిడ నుంచి టెన్షన్. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు.

ఫోన్ మాకొద్దని కూడా నేను అనడం లేదు. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల మొదలైన ఈ అంగన్‌వాడీ పథకం ఇవాళ దాదాపు 14 లక్షల సెంటర్లకి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 సెంటర్లు. ఇన్ని సెంటర్ల లెక్క కాగితం మీద నడపడం ఎంత కష్టమో మాకంటే బాగా ఎవరికీ తెలియదు. నేను చేరిన తర్వాత కొన్నాళ్లకి 11 రిజిస్టర్లు వచ్చాయి. కుటుంబ వివరాలకి ఒకటి, సరుకుల స్టాకుకి ఒకటి, పంపిణీకి ఒకటి, ప్రీస్కూల్‌కి ఒకటి, గర్భిణుల వివరాలకి ఒకటి, టీకాలకి ఒకటి, ఇళ్ల సందర్శనకి ఒకటి, ఇలా. ఒకే పిల్లాడి పేరు ఆరేడు చోట్ల రాసేదాన్ని. నెలాఖరున వాటన్నింటినీ కూడి ఒక కాగితం మీదికి ఎక్కించి, బస్సెక్కి ప్రాజెక్టు ఆఫీసులో ఇచ్చి వచ్చేదాన్ని. 2018 మార్చిలో పోషకాహారం కోసం కేంద్రం పెట్టిన పోషణ్ అభియాన్ మొదలై, ఆ తర్వాత ఫోన్లు వస్తాయని విన్నప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. అప్పుడు వచ్చిన యాప్ కొన్నాళ్లే నడిచింది. 2021 మార్చి నుంచి కేంద్రం యాప్ పోషణ్ ట్రాకర్ వచ్చింది. రాష్ట్రం యాప్ వేరే. సరుకులకి ఒకటి, హాజరుకి ఒకటి, మధ్యలో సర్వే వస్తే దానికి ఇంకొకటి. మరి రిజిస్టర్లు పోయాయా అంటే, తనిఖీకి వచ్చినవాళ్లు 'రిజిస్టర్ చూపించమ్మా' అనే అడుగుతారు. ఫోన్‌లో ఉందంటే ఒప్పుకోరు. కాబట్టి రెండూ రాస్తున్నాం.

ఇక శిక్షణ గురించి. ఒకరోజు జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను.

పొద్దున 10 గంటలకి రమ్మన్నారు. మాది దూరం ఊరు కాబట్టి ఏడున్నర బస్సుకే బయల్దేరాను. సెంటర్ ఆయమ్మకి అప్పజెప్పాను. హాల్లో 70 మందిమి. పదకొండున్నర దాటాక మొదలైంది. గోడ మీద బొమ్మ పడేటట్టు పెట్టారు కానీ కిటికీలకి కర్టెన్లు లేవు, ఎండకి సగం అక్షరాలు కనపడలేదు. కనపడినవి ఇంగ్లీషులో ఉన్నాయి. చెప్పేబాబు మంచివాడే, చిన్నవాడు, పాపం గొంతు చించుకుని చెప్పాడు. ఇక్కడ నొక్కండి, తర్వాత ఇది నొక్కండి, సబ్మిట్ కొట్టండి అంటూ గబగబా పోయాడు. నా పక్కన ఉన్నావిడ నాకంటే పెద్దది, ఇంకో రెండేళ్లకి రిటైర్ అవుతుంది. ఆవిడ చెయ్యెత్తి, "బాబూ, నా ఫోన్‌లో ఆ బటన్ లేదు" అంది. "అప్‌డేట్ చేసుకోండమ్మా" అన్నాడు. ఆవిడ అప్‌డేట్ నొక్కితే మెమరీ నిండిపోయిందని వచ్చింది. ఫొటోలు తీసెయ్యమన్నాడు. ఆవిడ ఫోన్‌లో ఉన్న ఫొటోలన్నీ సెంటర్‌వే. వండిన కూర ఫొటో, పిల్లలు తింటున్న ఫొటో, చేతులు కడుక్కుంటున్న ఫొటో, పోషణ్ మాసం ర్యాలీ ఫొటో. గ్రూపులో పెట్టమంటే పెట్టినవి. ఏవి తీసెయ్యచ్చో, ఏవి మళ్లీ అడుగుతారో ఆవిడకి తెలీదు. ఫోన్ ఆపేసి సంచిలో పెట్టుకుని ఇంకేం అడక్కుండా కూర్చుంది. ఒంటిగంటన్నరకి భోజనాలు. హాజరు పట్టీలో సంతకాలు. శిక్షణ పూర్తి.

ఆ రోజు పై వాళ్లకి వెళ్లిన రిపోర్టులో 70 మందికి శిక్షణ ఇచ్చినట్టు ఉంటుంది. నా పక్కన కూర్చున్నావిడ కూడా అందులో ఒకరు.

మూడేళ్ల పిల్లాడికి అ, ఆ నేర్పేటప్పుడు మేం ఏం చేస్తామో మీకే తెలుసు. ఆ పద్ధతులు మాకు నేర్పింది మీరే. పక్కన కూర్చోబెట్టుకుంటాం, వాడి చెయ్యి పట్టుకుంటాం, ఇసకలో దిద్దిస్తాం, మర్నాడు మర్చిపోతే కోప్పడకుండా మళ్లీ దిద్దిస్తాం. ఫోన్ నేర్చుకోవడానికి యాభై దాటిన ఆడమనిషికి కావాల్సింది కూడా అదే. మాలో చాలామంది పదో తరగతి చదివి, పెళ్లై, పిల్లలు పుట్టాక ఈ ఉద్యోగంలోకి వచ్చినవాళ్లం. తెలివి తక్కువై కాదు, మాకు ఎవరూ ఓపిగ్గా చూపించలేదు.

నాకు చూపించిన మనిషి ఒకమ్మాయి ఉంది. మా సెక్టార్‌లోనే, అంటే మా సూపర్‌వైజర్ మేడమ్ కింద ఉన్న సెంటర్లలోనే, కొత్తగా చేరింది, డిగ్రీ చదివింది. రెండు శనివారాలు సాయంత్రం మా సెంటర్ అరుగు మీద కూర్చుని నా ఫోన్ నా చేతిలోనే ఉంచి నేర్పింది. "మీరే నొక్కండి అక్కా, నేను ముట్టుకోను" అనేది. తప్పు నొక్కితే ఎలా వెనక్కి రావాలో ముందు చెప్పింది. ఏదో నొక్కితే ఏమవుతుందోనన్న భయం దానితోనే సగం పోయింది. రెండో శనివారం పిల్లల ఎదుగుదల గీత ఎక్కడుంటుందో చూపించింది. అప్పటిదాకా నేను అంకెలు ఎక్కించడమే తప్ప, వాటిని చూడచ్చని నాకు తెలీదు. ఇద్దరం కలిసి ఒక్కో పిల్లాడి గీత చూస్తూ వచ్చాం. ఒక బాబు దగ్గర ఆగిపోయాం. వాడు ఏ నెలా 'లోపం' గడిలో పడలేదు కాబట్టి నేను వాడి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ మూడు నెలలుగా వాడి గీత పైకి లేవలేదు, నేల మీద పరిచిన తాడులా అడ్డంగా ఉంది. మర్నాడే వాళ్లింటికెళ్లాను. తల్లి మిరపకాయ కోతలకి వెళ్తోంది, వాడు నాయనమ్మ దగ్గర పొద్దంతా బిస్కెట్లు, టీ నీళ్ల మీద ఉంటున్నాడు. నాయనమ్మకి మేమిచ్చే బాలామృతం పోషకాహార పిండి ఎలా కలపాలో చూపించాను, రోజూ మధ్యాహ్నం సెంటర్‌కి తీసుకురమ్మన్నాను. తర్వాతి నెలల్లో గీత మెల్లగా లేచింది.

అప్పటిదాకా ఆ ఫోన్ నాకు పైవాళ్లకి లెక్క చెప్పే పెట్టె. ఆ రోజు నుంచి నా పనిముట్టు అయింది. మాకిచ్చే శిక్షణలన్నీ ఏ బటన్ నొక్కాలో చెప్పి ఆగిపోతున్నాయి. నొక్కాక వచ్చిన అంకె ఆ పిల్లాడి గురించి ఏం చెబుతోందో, దాన్ని చూసి నేను ఏ ఇంటికి వెళ్లాలో ఎవరూ చెప్పడం లేదు.

ఎత్తు కొలవడమే తీసుకోండి. మనకి అసలు పెద్ద సమస్య ఎత్తులోనే ఉంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం అని తేలింది. నూటికి ముప్పై పైమాటే. రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలవాలి, దాటినవాళ్లని నిలబెట్టి కొలవాలి. ఒకే పిల్లాడిని పడుకోబెట్టి కొలిచినదానికంటే నిలబెట్టి కొలిస్తే దాదాపు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. ఇది తెలియని టీచర్ ఏడుస్తున్న ఏడాదిన్నర పిల్లాడిని పడుకోబెట్టలేక గోడకి నిలబెట్టి కొలిచి ఎక్కించేస్తుంది. పిల్లాడు మోకాళ్లు వంచేస్తాడు, ఇంకా తగ్గుతుంది. పడుకోబెట్టి కొలవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తల పలకకి ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు నొక్కిపెట్టి పాదాల దగ్గర పలక జరపాలి. ఆయమ్మ పొయ్యి దగ్గర ఉంటుంది. అందుకని నేను తల్లినే తల వైపు కూర్చోబెట్టి, బిడ్డ ముఖంలోకి చూస్తూ మాట్లాడమంటాను. అలా అయితే బిడ్డ ఏడుపు ఆపుతుంది. ఇలాంటివి మాలో మేం చెప్పుకుంటే పది మందికి పనికొస్తాయి. మాకు ఆ అవకాశం ఇచ్చే మీటింగే లేదు. మీటింగ్ అంటే పెండింగ్ ఎంత, ఎవరిది ఎందుకు తగ్గింది, అంతే.

ఇది మీకు తెలియని సంగతి కాదు. పోషణ్ అభియాన్ మొదట్లో మీరే 21 పాఠాలు తయారుచేశారు. నెలకి ఒక అంశం, సెక్టార్ మీటింగ్‌లో చిన్న గుంపుగా కూర్చుని, నేర్చుకున్నది ఊళ్లో చేసి చూసి, వచ్చే నెల ఏమైందో చెప్పుకునే పద్ధతి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డని ఎలా చూసుకోవాలి, ఆరు నెలలు నిండాక అన్నం ఎలా అలవాటు చెయ్యాలి లాంటివి అందులో ఉండేవి. మంచి పద్ధతి. ఫోన్‌ని ఆ పద్ధతిలో ఎందుకు నేర్పడం లేదన్నదే నా ప్రశ్న. సెక్టార్‌లో పాతిక మందిమి ఉంటే పది మంది చొప్పున కూర్చోబెట్టండి. ఎవరి ఫోన్ వాళ్ల చేతిలో ఉండాలి. ఒక్కరోజు ఒక్క పనే నేర్పండి, రెండు వారాలయ్యాక వచ్చి చేస్తున్నామో లేదో చూడండి. నేర్పడానికి బయటినుంచి ఎవరినో తేవక్కర్లేదు. నాకు నేర్పిన అమ్మాయిలాంటివాళ్లు ప్రతి సెక్టార్‌లో ఒకరిద్దరు ఉన్నారు. ఆ అమ్మాయి శనివారాలు నాకోసం ఉచితంగా పోగొట్టుకుంది. అలాంటివాళ్లకి ఆ పని అప్పజెప్పి, దానికి రోజుకి ఇంతని, బస్సు ఖర్చులని ఇవ్వండి. ఇప్పుడు చాలామంది టీచర్లకి ఈ పని చేసిపెడుతున్నది ఇంటర్ చదివే వాళ్ల కూతుళ్లు, కొడుకులు. ఊళ్లో గర్భిణుల వివరాలు, పసిపిల్లల వివరాలు ఇంటి పిల్లల చేతిలో పెట్టాల్సి రావడం సరైన పని కాదని మాకూ తెలుసు.

ముఖం ఫొటో సంగతి కూడా చెప్పాలి. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే సరుకులకి ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. ఎందుకు పెట్టారో నాకు అర్థమైంది. లేని పేర్ల మీద సరుకు పోయిన సంగతులు మేమూ విన్నాం, అలా తిన్నవాళ్ల వల్ల మా అందరి పరువూ పోయింది. అసలు మనిషికే సరుకు అందాలన్న ఉద్దేశం మంచిదే. అది మా వాకిట్లో ఎలా నడుస్తోందో కూడా చూడండి.

ఆరో నెల గర్భిణి ఒకామె కూలి నుంచి మధ్యాహ్నం ఎండలో వచ్చింది. ముందు ఆధార్ వివరాలు కలపాలి, దానికి ఓటీపీ రావాలి. ఆధార్‌కి ఉన్న నంబర్ వాళ్లాయనది, ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే మేస్త్రీ ఉన్నాడు, పైన ఉన్నాను, దిగాక చూసి చెప్తానన్నాడు. ఆయన చెప్పేటప్పటికి ఓటీపీ టైమ్ అయిపోయింది. రెండోసారికి ఓటీపీ కుదిరింది. తర్వాత ముఖం. గదిలో వెలుతురు లేదని వాకిట్లోకి తెచ్చాను. ఎండ ఎక్కువైందని చెట్టుకిందికి తీసుకెళ్లాను. ఆధార్‌లో ఫొటో పెళ్లికి ముందుది, అప్పుడు ముఖం నిండుగా ఉంది, ఇప్పుడు చిక్కిపోయింది. కళ్లార్పమంటుంది, ఆర్పితే సరిపోలేదంటుంది. నాలుగోసారికి ఆమె అంది, "వద్దులే టీచరమ్మా, గుడ్లు లేకపోతే మానె, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అని. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆ రోజు సరుకు ఇచ్చి పంపాను, రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నాను. ఫోన్ లెక్కకీ, స్టాకు లెక్కకీ తేడా వచ్చింది. దానికి సంజాయిషీ రాసిచ్చాను. మళ్లీ అలాంటి రోజు వస్తే మళ్లీ అలాగే ఇస్తాను, రాసిస్తాను.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఒక ఉత్తర్వు ఇవ్వండి. మూడుసార్లు ప్రయత్నించినా ముఖం సరిపోకపోతే రిజిస్టర్లో సంతకం, ఆయమ్మ సాక్షి సంతకం పెట్టించుకుని సరుకు ఇవ్వచ్చు, టీచర్ మీద ఏ చర్యా ఉండదు అని తెలుగులో ఒక్క పేజీ రాసి పంపండి. గోడకి అంటించుకుంటాం.

పరికరాల గురించి ఎక్కువ చెప్పను, మీ దగ్గర లెక్కలు ఉంటాయి. పిల్లల తూకం మిషన్, తల్లుల మిషన్, పడుకోబెట్టి కొలిచే పలక, నిలబెట్టి కొలిచే కడ్డీ, ఈ నాలుగూ నాలుగేళ్లకోసారి మార్చే వీలు కేంద్రం నిబంధనల్లోనే ఉందని విన్నాం. కొత్తవి వచ్చేదాకా ఉన్నవి సరిగ్గా తూగుతున్నాయో లేదో ఏడాదికోసారి ఎవరైనా వచ్చి చూడాలి. కొట్లో కాటాకి ముద్ర వేయించకపోతే తూనికలు కొలతల శాఖ జరిమానా వేస్తుంది. పసిబిడ్డని తూచే కాటాకి అంత మాత్రం చూపు ఎందుకు ఉండకూడదు? సెల్స్‌కి డబ్బులివ్వండి. ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోతే, స్క్రీన్ పగిలితే ఎవరికివ్వాలో, ఎన్నాళ్లలో తిరిగిస్తారో, ఆ లోపు వాడుకోవడానికి ఇంకో ఫోన్ ఇస్తారో లేదో చెప్పండి. ప్రాజెక్టు ఆఫీసులో నాలుగైదు ఫోన్లు అదనంగా ఉంచితే చాలు. ఇప్పుడు ఫోన్ పాడైతే సొంత డబ్బుతో బాగుచేయించుకుంటున్నాం, లేదంటే ఇంట్లోవాళ్ల ఫోన్‌లో యాప్ వేసుకుంటున్నాం.

కొత్త యాప్ వచ్చిన మొదటి నెల రోజులు మెమోలు ఇవ్వకండి. నేర్చుకునేవాళ్లు తప్పు చేస్తారు. మెమో భయంతో, ఎక్కించాలి కాబట్టి పోయిన నెల బరువుకి వంద గ్రాములు కలిపి ఎక్కించేసేవాళ్లు ఉన్నారు. నేను ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, సాయంత్రం ఐదింటికల్లా నూటికి నూరు శాతం కావాలని గ్రూపులో ఎర్ర గుర్తులతో మెసేజ్ వస్తే మనిషి ఏం చేస్తుంది? ఆ దొంగ అంకెలన్నీ పైకి వెళ్లి మీ బల్ల మీద చక్కటి పట్టికగా కనిపిస్తాయి. వాటిని చూసి మీరు నిర్ణయాలు తీసుకుంటారు. నిజమైన ఎనభై శాతం, నింపేసిన నూరు శాతం, ఈ రెండింట్లో మీకు ఏది కావాలో మాకు స్పష్టంగా చెప్పండి.

అలాగే ఒక బరువు ఒక్కసారే ఎక్కించే ఏర్పాటు చెయ్యండి. కేంద్రం యాప్‌లో కొట్టింది రాష్ట్రం యాప్‌లోకి వెళ్లేలా చేయడం మీ ఇంజనీర్లకి సాధ్యమయ్యే పనే అనుకుంటున్నాను. ఒకే పిల్లాడి వివరాలు మళ్లీ ఎక్కించడానికి పట్టే సమయం ఆ పిల్లాడికి కథ చెప్పాల్సిన సమయం. తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాకా సెంటర్ నడవాలి, ప్రీస్కూల్ బాగా చెప్పాలని 2023 నుంచి పోషణ్ భీ పఢాయీ భీ (పోషణా, చదువూ) అని ప్రత్యేకంగా శిక్షణలు కూడా ఇస్తున్నారు. పాటలు పాడించాలి, పూసలు గుచ్చించాలి, బొమ్మలు చూపించి మాట్లాడించాలి. అవన్నీ మాకు ఇష్టమైన పనులే. కానీ టీచర్ తలొంచుకుని ఫోన్ చూస్తూ కూర్చుంటే పిల్లలు వచ్చి కొంగు పట్టుకుని లాగుతారు. "ఉండమ్మా, ఒక్క నిమిషం" అని రోజుకి ఎన్నిసార్లు అంటున్నానో నాకే లెక్క తెలీదు.

చివరిగా ఒక మనవి. ఏదైనా నెల మొదటి వారంలో, బరువులు తీసే రోజు చూసుకుని, ఏ ఊరి సెంటర్‌కైనా రండి. తనిఖీకి కాదు, పనికి. పొద్దున తొమ్మిదింటికి వచ్చి టీచర్ చేతిలో ఉన్న ఫోన్ మీరు తీసుకోండి. పది మంది పిల్లల్ని మీరే తూచి, కొలిచి, ఎక్కించండి. తల వైపు పట్టుకోవడానికి తల్లులు ఉంటారు. మిషన్ ఆన్ చేశాక ముందు ఉప్పు ప్యాకెట్ పెట్టి చూడండి. పన్నెండింటికి పిల్లలు అన్నానికి కూర్చుంటారు, మీరూ మాతోపాటు తినండి. అప్పటికి ఎంతమంది వివరాలు ఎక్కాయో చూసి, వచ్చే శిక్షణ ఎలా ఉండాలో అక్కడే అరుగు మీద కూర్చుని రాద్దాం.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్